టీచరుగారి డబ్బా, మా తెల్లగుర్రం

ఆషాఢం వస్తుందంటే మా ఇంట్లో అందరికీ దిగులు. నేను మాత్రం దానికోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. నాన్నది షామియానాల పని. పెళ్ళిళ్ళకి పందిళ్ళు, కుర్చీలు, లైట్లు, వాటితోపాటు కొన్నేళ్ళుగా గుర్రాలు. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికొడుకుని కారులో ఊరేగించడం పాతబడి, గుర్రం మీద కూర్చోబెట్టాలన్న సరదా మొదలైనప్పుడు ఆయన రెండింటిని కొన్నారు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. రెండూ ఆడవే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కనుక లాడాలు తీయించి రెండింటినీ ఇంటి వెనక కొబ్బరితోటలో వదిలేసేవారు. ఆ నెల రోజులూ అవి ఎవరినీ మొయ్యక్కర్లేదు, బ్యాండుమేళం వినక్కర్లేదు. ఆ నెల రోజులూ తెల్లది నాది.

నాది అని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. అమలాపురంలో డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటున్న రోజులవి. వీధిగుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా నేను పెరటిగుమ్మంలోంచి తోటలోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడ గాలికి పడిపోయిన ఒక కొబ్బరిచెట్టు మొద్దుంది. దాని మీద కూర్చుని చదువుకునేదాన్ని. లైబ్రరీ నుంచి తెచ్చిన కథల పుస్తకానికి పేపరు అట్ట వేస్తే అమ్మ దాన్ని పోటీ పరీక్షల పుస్తకం అనుకునేది. తెల్లది నా చుట్టూ గడ్డి కొరుకుతూ తిరిగేది. ఒకసారి వచ్చి తెరిచి ఉన్న పేజీ మీద మూతి ఆనించింది. ఆ పేజీ తడిసి ఉబ్బిపోయింది. లైబ్రరీలో ఆవిడ అడిగితే వాన అని చెప్పాను.

దాని జూలు దువ్వేదాన్ని, కళ్ళ దగ్గర ఈగలు తోలేదాన్ని. మాట్లాడేదాన్ని మాత్రం కాదు. మనుషులతోనే నాకు మాట పెగలదు, గుర్రంతో మాట్లాడవచ్చని తోచనేలేదు. మాట అవసరం కూడా రాలేదు. నేను తడిక తలుపు తీసి తోటలోకి రాగానే అది తల ఎత్తి నా వైపు నాలుగడుగులు వేసేది. నాలుగే. తర్వాత మళ్ళీ మేతలో పడేది. ఈ ప్రపంచంలో నేను రావడం చూసి నాలుగడుగులు ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. నాకు కావలసింది ఆ నాలుగడుగులే.

కాలవగట్టు మీద వెళ్ళేవాళ్ళు కంచె దగ్గర ఆగడం కొత్తేమీ కాదు. ఆటో ఆపి ఒకాయన అరటిపండు పెట్టేవాడు. పాలకి వెళ్ళే ఆడవాళ్ళు కూరగాయల తొక్కలు పడేసేవారు. వాళ్ళంతా దారిన పోయేవాళ్ళు. గుర్రాలు తిని, వాళ్ళని మరిచిపోయి వచ్చేసేవి. టీచరుగారు అలా కాదు.

ఆవిడ మా ఊరి బడిలోనే చాలాకాలం పనిచేసి, ఆ వేసవిలో రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మా తోట కంచెకి అవతల స్థలం కొనుక్కుని చిన్న డాబా వేసుకుని, జ్యేష్ఠమాసం చివర్లో దిగారు. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. మా నాన్న కూడా. నేను మాత్రం రాజోలు బడిలో చదివాను కనుక ఆవిడకి ఏమీ కాను.

మొదటి రోజు ఆవిడ కంచె దగ్గరికి వచ్చి నిలబడితే నాన్న పరుగున వెళ్ళి చేతులు కట్టుకున్నారు.

"ఏరా, నీ గుర్రాలు ఇవేనా? నా క్లాసులో గుర్రం బొమ్మ వెయ్యమంటే మేకని వేసేవు నువ్వు."

"ఆయ్, వేసేనండీ. కొమ్ములు కూడా పెట్టేనండీ," అన్నారు నాన్న. ఆయన అలా చిన్నపిల్లాడిలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

మర్నాటి నుంచి ఆవిడ రోజూ తొమ్మిదింటికి వచ్చేవారు. తొమ్మిదంటే బడిగంట వేళ. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీర, జడ చివర పిన్ను, చేతిలో గొడుగు, బడికి బయల్దేరినట్టే ఇంట్లోంచి వచ్చేవారు. బడికి బదులు మా కంచె దాకా నడిచేవారు. అంతకు మించి వెళ్ళడానికి ఆవిడకి చోటు లేదని అప్పుడు నాకు తట్టలేదు. నాకు కనబడింది ఆవిడ చేతిలోని స్టీలు డబ్బా ఒక్కటే.

దాన్నిండా గుగ్గిళ్ళు. పొద్దున్నే ఉలవలు ఉడకబెట్టి, చిటికెడు ఉప్పేసి, చల్లారాక తెచ్చేవారు. కంచె తీగల మధ్య నుంచి చెయ్యి చాచి దోసిట్లో పెట్టేవారు. ఎర్రది గబగబా తినేసి వెళ్ళిపోయేది. తెల్లది నెమ్మది, పెదవితో ఒక్కో గింజే తీసుకునేది. అది తల తిప్పేసుకున్నా ఆవిడ ఊరుకునేవారు కాదు. మా వైపు భోజనానికి కూర్చున్న చుట్టాన్ని ఎలా బతిమాలతారో అచ్చం అలాగే బతిమాలేవారు.

"మొహమాటపడకే అమ్మడూ. ఇంకొక్క గుప్పెడు. నాకోసం తిను."

అమ్మడు! నాలుగేళ్ళుగా మేం దాన్ని గుర్రం అనే పిలిచాం. ఈవిడ వచ్చిన రెండో రోజుకే అది అమ్మడు అయిపోయింది.

రెండు మూడు రోజులు పెట్టి మానేస్తారులే అనుకున్నాను. మానేవారేమో కూడా. కానీ ఆ డబ్బా ఉంది కదా. మా ఇళ్ళలో పక్కింటి గిన్నె వస్తే ఖాళీగా తిరిగి పంపరు. గుగ్గిళ్ళు తెచ్చిన మొదటి రోజే ఆవిడ డబ్బా కంచె రాయి మీద మరిచిపోయి వెళ్ళారు. అమ్మ దాన్ని కడిగి, నాలుగు నిమ్మకాయలు వేసి పంపింది. నిమ్మకాయలు వచ్చాయి కనుక మర్నాడు ఆవిడ డబ్బా నిండుగా తేవలసి వచ్చింది. ఆ రోజు అమ్మ దొండకాయలు వేసింది. ఇంక అది ఆగలేదు. డబ్బా పొద్దున్న గుర్రాలకి నిండుగా వచ్చేది, సాయంత్రం ఏదో ఒకటి మోసుకుని వెళ్ళేది. ఇద్దరిలో ఎవరు ఆపినా రెండోవాళ్ళని అవమానించినట్టే. ఆ డబ్బా చేరవేసే పని నాదే. ఆవిడ గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, ఆవిడ వచ్చేలోపు వెనక్కి నడిచేసేదాన్ని.

వారం తిరిగేసరికి తెల్లది తొమ్మిదవకముందే కంచె దగ్గరికి చేరడం మొదలుపెట్టింది. ఒకరోజు మొద్దు మీద కూర్చుని దాని అడుగులు లెక్కపెట్టాను. నేనున్న చోటి నుంచి కంచె దాకా నలభై. నా వైపు నాలుగు, ఆవిడ వైపు నలభై. ఆ రోజు డైరీలో ఇంకేమీ రాయలేదు, ఆ రెండు అంకెలే రాశాను.

తర్వాత నాలుగు కూడా పోయాయి. నేను తడిక తీస్తే అది తల ఎత్తి చూసేది. నేను టీచరుగారిని కానందుకు మళ్ళీ దించేసేది. నిజంగా అందుకే దించిందో లేదో తెలియదు, నాకు అలాగే కనబడేది.

అమ్మ నా మొహం చదివేసింది. "టీచరుగారు నీకు సవతిలా తయారయ్యేరే," అని వంటింట్లోంచి నవ్వింది. నేను నవ్వలేదని మర్నాడు మళ్ళీ అంది. "నీ సవతి వచ్చింది, డబ్బా తీసుకో" అని.

నాన్నతో చెప్పి చూశాను. గుర్రాలకి ఇన్ని ఉలవలు మంచివి కావేమో, ఆవిడకి చెప్పండి అన్నాను. గుర్రాల మేలు కోరి అంటున్నట్టే గొంతు పెట్టాను. నాన్న అరచెయ్యి చాపి చూపించారు. "ఆవిడ బెత్తం దెబ్బ ఇంకా ఇక్కడే ఉందే. ఆవిడకి వద్దని నేను చెప్పాలా?" అని, ఆ దెబ్బ ఏదో బహుమతి అయినట్టు చెయ్యి మురిపెంగా చూసుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే ముసురు పట్టింది. ఈ రోజు రారు కదా అని సంతోషంగా గొడుగేసుకుని వెళ్ళాను. ఆవిడ అప్పటికే వచ్చి ఉన్నారు. గొడుగు కంచె మీదుగా చాచి తెల్లదాని తల మీద పట్టారు. ఆవిడ చీర భుజం దగ్గర తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆ ముసురు గుర్రానికి ఒక లెక్క కాదు. అయినా దానికి గొడుగు పట్టాలన్న ఆలోచన నాకెందుకు ఎప్పుడూ రాలేదని ఇంటికొచ్చి ఏడ్చాను. నేను ఎన్ని వానల్లో దాన్ని తోటలో చూసి ఉంటాను! ఎప్పుడూ నా గొడుగు నా మీదే ఉంది.

ఆ మర్నాటి పని కూడా దాచకుండా రాయాలి.

కడుపు నిండి ఉంటే కంచె దగ్గరికి వెళ్ళదు కదా అనుకున్నాను. ఎనిమిదిన్నరకి కొట్టంలో బస్తా విప్పి పెద్ద బేసిన్‌లోకి తవుడు తోడాను. బెల్లం చిదిమి కలిపాను. తవుడు నీళ్ళు పోసి నానబెట్టి, జావలాగా అయ్యాకే పెట్టాలని నాన్న నాకు ఎన్నోసార్లు చెప్పారు. నాకు తెలియక కాదు. నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళబోతుంటే అవతల టీచరుగారి గ్రిల్లు తలుపు కిర్రుమంది. ఇంకో అరగంటలో ఆవిడ వచ్చేస్తారు, నానేదాకా ఆగితే అవదు. పొడి తవుడే పట్టుకెళ్ళి తెల్లదాని ముందు పెట్టాను.

అది తింది. కంచె వైపు వీపు పెట్టి, ముక్కుకి మీసాలకి తవుడంటుకుని, బేసిన్ అంచులు నాకుతూ తింది. ఎర్రదాన్ని పక్కకి తోసేశాను. ఆ కాసేపు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది, సిగ్గుగా ఉంటుంది.

తొమ్మిదైంది. "అమ్మడూ" అని వినబడింది. అది బేసిన్ అడుగు ఆఖరుసారి నాకి, తల ఎత్తి, నలభై అడుగులూ నడిచి వెళ్ళి ఆవిడ గుగ్గిళ్ళు కూడా తింది.

పదకొండయ్యేసరికి తెల్లది ముందుకాలితో నేల తవ్వడం మొదలుపెట్టింది. మెడ తిప్పి తన పొట్టని తానే చూసుకుంటోంది. పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుని అటూ ఇటూ దొర్లింది. ఒళ్ళంతా చెమట. నాన్న తాడు వేసి లేపి, మళ్ళీ పడుకోనివ్వకుండా తోటలోని నీటి బోదెల వెంబడి నడిపిస్తూ పశువుల డాక్టరుగారికి ఫోను చేశారు. చప్పుడు విని టీచరుగారు కంచె చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. ఆవిడ మా తోటలో అడుగుపెట్టడం అదే మొదలు.

డాక్టరుగారు మోటారుసైకిలు దిగి, పొట్టకి చెవి పెట్టి విని, సూది వేశారు. ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు. మా ఊళ్ళో ఆయన చూసేవన్నీ గేదెలే కాబట్టి అందరికీ అర్థమయ్యేలా గేదెతో పోల్చి చెప్పారు.

"గేదె అయితే నెమరేస్తుందండీ. దీనికలా లేదు. లోపలికెళ్ళింది కక్కనూ లేదు. ఏం పెట్టేరు దీనికి?"

నాన్న నేల చూపులు చూశారు. టీచరుగారే ముందుకొచ్చారు.

"నేను పెట్టేనండీ. గుగ్గిళ్ళు. పొద్దున్నే ఉడికించినవే."

"ఉడికినవైతే ఇంత చెయ్యవే. పొడి తవుడేమన్నా పెట్టేరా ఎవరన్నా?"

"మా ఇంట్లో నానబెట్టకుండా పెట్టమండీ," అన్నారు నాన్న, నమ్మకంగా.

నేను ఐదడుగుల దూరంలో కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఉన్నాను. బేసిన్ అప్పటికే కడిగి బోర్లించేశాను. నాకు నోరు రాలేదు. పదిమందిలో నాకెప్పుడూ నోరు రాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అంతకుముందెప్పుడూ నా బిడియం నాకు అంతలా ఉపయోగపడలేదు.

"అయితే నా గుగ్గిళ్ళేనండీ. ఎక్కువైపోయాయి. తినమని నేనే బలవంతం చేసేను," అన్నారు టీచరుగారు. బడిలో పిల్లలు తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడేలాగా ఆవిడే నిలబడ్డారు. నాన్న "అయ్యో, మీరలా అనకండి టీచరుగారండీ" అన్నారు గానీ, కాదని అనలేదు.

నాలుగింటికి తెల్లది లద్దె వేసింది. నాన్న దాన్ని కర్రతో కదిపి, పండగ వచ్చినట్టు అమ్మని కేకేసి మరీ చూపించారు. గండం గడిచింది.

చేతిరాత బాగుంటుందని, కంచెకి కట్టే బోర్డు రాసే పని నాకే వచ్చింది. అట్టముక్క మీద నల్లరంగుతో "గుర్రాలకు ఎవరూ ఏమీ పెట్టవద్దు" అని రాశాను. రెండు వారాల క్రితం అదే వాక్యం డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో. ఇప్పుడు నాన్నే రాయమన్నారు. కంచెకి కడుతుంటే టీచరుగారు తన వాకిట్లోంచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి అమ్మాయ్," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. తొమ్మిదింటికి గ్రిల్లు తలుపు చప్పుడు లేదు. తోట, మొద్దు, పుస్తకం, తెల్లగుర్రం, నేను అడిగినవన్నీ నాకు తిరిగి వచ్చేశాయి. కానీ తెల్లది నా దగ్గర లేదు. ఎనిమిదీ ముప్పావుకి కంచె దగ్గరికి వెళ్ళి, చెవులు రెండూ ఆ డాబా వైపు నిలబెట్టి, పదిన్నర దాకా నిలబడేది. ఎర్రది మేస్తుంటే ఇది మేసేది కాదు. నేను లేత గడ్డి కోసి పక్కన నిలబడితే నా చేతిని వాసన చూసి, మళ్ళీ అటే చూసేది. ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు కనీసం ఆవిడ మీద కోపం తెచ్చుకునేదాన్ని. లేని మనిషితో పోటీ ఎలా పడాలో నాకు తెలియలేదు.

డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. కడిగి వంటింటి గూట్లో బోర్లించి ఉంది. అందులో ఏం వేసి పంపాలో అమ్మకి తోచలేదు. ఏం వేసినా గుర్రానికి మళ్ళీ ఏదో తెమ్మన్నట్టే ఉంటుంది. ఖాళీగా పంపడం అసలు కుదరదు. అమ్మ దాన్ని చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేది. నేనూ అంతే.

ఆషాఢం అయిపోవడానికి ఇంకో వారముందనగా ఒక పొద్దున్న ఆ డబ్బా తీశాను. డైరీలో తవుడు పెట్టిన రోజు పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి, అందులో వేసి మూత పెట్టాను. ఈసారి తలుపు కొట్టి వెనక్కి నడవలేదు.

తలుపు తీసిన టీచరుగారు పాత ఇంటి చీరలో ఉన్నారు. తొమ్మిది దాటింది, జుట్టు దువ్వుకోలేదు. డబ్బా అందుకుని, తేలిగ్గా ఉందేమని మూత తీశారు. కాగితం చూసి నా వైపు చూశారు. కళ్ళజోడు తెచ్చుకుని గుమ్మంలోనే నిలబడి చదివారు. పొడి తవుడు, గ్రిల్లు తలుపు చప్పుడు, కడిగి బోర్లించిన బేసిన్, అన్నీ ఉన్నాయందులో. పేపరు దిద్దేటప్పటిలాగే వేలు గీత గీతకీ దిగుతోంది. ఒకచోట ఆగింది.

"'నాకు ఆవిడంటే కుళ్ళు' అని రాసేవు. నిజమా?"

"ఆయ్," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి బిగించారు.

"నన్ను చూసి ఎవరన్నా కుళ్ళుకుని చాలా కాలమైందే అమ్మాయ్." కాగితం మడిచారు. మొహం మళ్ళీ టీచరు మొహమైంది. "మీ నాన్నకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనేనండీ."

"ఈ రోజే."

ఆ రోజే చెప్పాను. నాన్న తిట్టలేదు. కొట్టంలోకి వెళ్ళి ఆ బేసిన్ తెచ్చి నా ముందు పెట్టి, తవుడు పోయించి, నీళ్ళు పోయించి, అది నానేదాకా నన్ను దాని పక్కనే కూర్చోబెట్టారు. అంతా అయ్యాక "ఆవిడ పదిమందిలో తలొంచుకున్నారే," అన్నారు. ఆ ఒక్క మాటా చాలాకాలం నొప్పిగా ఉంది. సాయంత్రం ఆయన వెళ్ళి టీచరుగారితో మాట్లాడి వచ్చారు. బోర్డు తీసేస్తానంటే ఆవిడే ఒప్పుకోలేదట. అందులో ఉన్న మాట సరైనదే కదరా, ఉండనీ అన్నారట. డబ్బా కూడా తన దగ్గరే ఉంచేసుకున్నారు, ఇక దానికి తిరిగే పని లేదని.

మర్నాడు తొమ్మిదింటికి గ్రిల్లు తలుపు చప్పుడైంది. నేను మొద్దు మీద కూర్చుని ఉన్నాను. మళ్ళీ ఇస్త్రీ చీర, గొడుగు. రెండో చేతిలో ఏమీ లేదు.

ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నది ఒకే మాటతో. అది వెళ్ళేది గుగ్గిళ్ళ కోసం, ఆవిడ కోసం కాదు అని. అందుకే ఆ ఖాళీ చెయ్యి చూడగానే నా గుండె కాస్త కుదుటపడింది కూడా. అది దగ్గరికెళ్ళి, వాసన చూసి, ఏమీ లేదని తెలిసి తిరిగొచ్చేస్తుందని ఎదురుచూశాను.

తిరిగి రాలేదు. ఆవిడ అరచెయ్యి వాసన చూసింది, అందులో ఏమీ లేకపోయినా తల తెచ్చి ఆవిడ భుజం మీద ఆనించింది. ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. రాత్రి వాన పడిందని, పక్కింటి కోడి తన వసారాలో గుడ్డు పెట్టిందని, నిద్ర పట్టలేదని. బడిలో ఇన్నేళ్ళు మాట్లాడిన మనిషికి ఆ వేసవి నుంచీ వినేవాళ్ళు లేరు. అది వింది, అంతే. నేను నాలుగేళ్ళలో దానికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పొద్దున్న ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే ఈసారి ఆవిడకి ఉన్నది బజార్లో దొరికేది కాదు.

టీచరుగారు వెళ్ళిపోయాక తెల్లది నెమ్మదిగా మేస్తూ నా మొద్దు దగ్గర్లోకి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత గొంతు సవరించుకుని దానితో ఒక మాట అన్నాను. ఏమన్నానో రాయను, గొప్పదేమీ కాదు. బయటికి వచ్చిన నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అది మేయడం ఆపింది. ఒక చెవి నా వైపు తిరిగింది. రెండోది ఇంకా ఆ డాబా వైపే ఉంది.